మామూలు రోజుల నీటి లెక్క

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి మనుషులు కుప్పకూలడం మొదలైంది. మూర్ఛ, నోట నురగ, వాంతులు. కొద్ది రోజుల్లోనే ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. మొదటి అనుమానం మంచినీటి మీదకే పోయింది. ఢిల్లీ ఎయిమ్స్ నుంచీ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీల నుంచీ, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నుంచీ శాస్త్రవేత్తలు రంగంలోకి దిగారు. నీళ్లు, రక్తం, పాలు, కూరగాయలు అన్నీ పరీక్షకు వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త ముందు వచ్చింది. తర్వాత దృష్టి పురుగుమందుల అవశేషాల మీదకు మళ్లింది.

ఇలాంటి సమయంలో ఏ ప్రయోగశాల ఏ అంకె చెప్పినా, దాని అర్థం తెలియాలంటే పక్కన ఇంకో అంకె ఉండాలి. రోగం లేని నెలలో, అదే వీధిలో, అదే కుళాయిలో ఎంత ఉండేది? ఆపద వచ్చిన రోజు కొలవడానికి దేశమంతా తరలి వస్తుంది. ఏమీ జరగని రోజు కొలిచేవాళ్లు ఎవరు? ప్రభుత్వ శాఖలకు వాటి పరీక్షలు వాటికి ఉన్నాయి, కానీ అవి చాలావరకు నిర్ణీత కేంద్రాలకూ, ఫిర్యాదు వచ్చిన వీధులకూ పరిమితం. పెద్ద పరిశోధనాలయాలు ప్రాజెక్టు మంజూరైతే వస్తాయి, గడువు ముగిస్తే వెళ్లిపోతాయి. ప్రతి పట్టణంలోనూ ఉండి, ఏటా కొత్తగా చేరుతూ, రోజూ ఆ వీధుల్లోంచే నడిచి వెళ్లేవాళ్లు కాలేజీ విద్యార్థులు. పట్టణ నీటి మీద విద్యార్థుల పరిశోధనను కేవలం శిక్షణగా, మార్కుల కోసం చేసే అభ్యాసంగా చూడటం ఆ పనిని తక్కువ చేయడమే. నగరాలకు అత్యవసరంగా కావలసిన కొన్ని లెక్కలు వాళ్లు తప్ప మరొకరు తీయలేరు.

హైదరాబాదునే తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేల ప్రాణాలు తీశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో పైన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకప్పుడు నగరం దాహం వాటితోనే తీరేది. తర్వాత మంజీరా, సింగూరు వచ్చాయి. ఇప్పుడు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి 116 కిలోమీటర్లు, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్లు ప్రయాణించి నల్లాలకు చేరుతున్నాయి. వాడిన నీరు నాలాల గుండా, శుద్ధి కేంద్రాల గుండా మూసీలో పడుతుంది. మూసీ నల్లగొండ, సూర్యాపేట పొలాలు తడిపి, సాగర్ డ్యాముకు దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలోనే కలుస్తుంది. కృష్ణ నుంచి తెచ్చిన నీటిని ఒక మహానగరం వాడి మళ్లీ కృష్ణకే వదులుతోందన్నమాట. ఈ దారిలో ఏ మలుపు దగ్గర నిలబడినా ఒక పరిశోధన ప్రశ్న ఎదురవుతుంది. అది సివిల్ ఇంజనీర్లకే దక్కే ప్రశ్న కూడా కాదు. రసాయనం, సూక్ష్మజీవశాస్త్రం, భూగోళం, కంప్యూటరు, ఆర్థికశాస్త్రం చదివేవాళ్లందరికీ అందులో పని ఉంది.

నల్లాతోనే మొదలుపెట్టవచ్చు. మన పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు. రోజు విడిచి రోజు, కొన్నిచోట్ల అంతకన్నా ఆలస్యంగా, గంటో రెండు గంటలో వస్తాయి. మిగతా సమయమంతా పైపులు ఖాళీ. ఒత్తిడి లేని పైపులోకి పగుళ్ల గుండా పక్కనున్న డ్రైనేజీ నీరు చొరబడుతుంది. ఇది తర్కానికి అందే విషయమే, కానీ ఎంత చొరబడుతోందో కొలిచి చూపించింది ఎమిలీ కంపెల్ అనే పరిశోధక విద్యార్థిని. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో కారా నెల్సన్ దగ్గర డాక్టరేటు చేస్తూ ఆమె కర్ణాటకలోని హుబ్బళ్లి–ధారవాడను ఎంచుకున్నారు. అక్కడ కొన్ని వార్డులకు 24 గంటల సరఫరా ఉంది, పక్క వార్డులకు కొన్ని రోజులకోసారి వచ్చే పాత పద్ధతే ఉంది. ఊరొకటే, శుద్ధి ఒకటే, సరఫరా తీరు మాత్రమే వేరు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, విడతలవారీ సరఫరా ఉన్న కుళాయిల నుంచి తీసిన నమూనాల్లో దాదాపు మూడో వంతులో ఈ.కోలై బ్యాక్టీరియా దొరికింది. నిరంతర సరఫరా ఉన్నచోట అది నూటికి ఒకటి కన్నా తక్కువ. సరఫరా మొదలైన తొలి నిమిషాల నీరు ఎక్కువ మురికిగా ఉంటుందని ఆ తర్వాతి పరిశోధనలో తేలింది.

ఈ ప్రశ్నను తెలుగు పట్టణాలకు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. వరంగల్లులోనో, గుంటూరులోనో, కర్నూలులోనో ఒక లైనును ఎంచుకుని, ట్యాంకు దగ్గర క్లోరిన్ ఎంతుందో, వీధి చివరి ఇంట్లో మొదటి నిమిషంలో ఎంతుందో, పదో నిమిషంలో ఎంతుందో చూడవచ్చు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, వంద మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలై కూడా ఉండకూడదు. అసలు పెద్దగా ఎవరూ తొంగిచూడని చోటు ఇంకోటి ఉంది. అది ఇంటి సంపు. నల్లా నీరు సంపులో దిగి, మోటారుతో మేడమీది ట్యాంకెక్కి, మళ్లీ కుళాయికి వచ్చేలోపు దాని క్లోరిన్ ఏమవుతోంది? బాధ్యత నీటి బోర్డుదా, ఇంటివాళ్లదా అన్న వాదన వస్తే ఈ కొలత లేకుండా ఎవరూ సమాధానం చెప్పలేరు. దీనికి కోటి రూపాయల యంత్రం అక్కర్లేదు. మలకాలుష్యాన్ని పసిగట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనాలయంలో మంజా బృందం రూపొందించి 1982లో ప్రకటించినదే. సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కాలుష్యం ఉంటే నల్లబడుతుంది. ఇది తుది తీర్పు కాదు. ఏ ఇంటి నీటిని పెద్ద ప్రయోగశాలకు పంపాలో వడగట్టి చెప్పే సాధనం. చిన్న ఊరి డిగ్రీ కాలేజీకి ఆ మాత్రం సాధనం చాలు.

విద్యార్థుల కొలతలకు ఎంత బలం ఉంటుందో తెలియాలంటే అమెరికాలోని ఫ్లింట్ కథను వివరంగా చూడాలి. 2014 ఏప్రిల్‌లో, ఖర్చు తగ్గించుకోవడానికి, ఆ ఊరు డెట్రాయిట్ నుంచి కొనే నీటిని మానేసి ఫ్లింట్ నది నీటికి మారింది. పైపులను తుప్పు నుంచి కాపాడే రసాయనం కలపలేదు. సీసపు పైపుల నుంచి విషం నీటిలోకి దిగసాగింది. నీటి రంగు, వాసన బాగోలేవని జనం మొత్తుకున్నా అధికారులు నీరు క్షేమమేనన్నారు. అక్కడి ఒక తల్లి, లీఆన్ వాల్టర్స్ పిలుపుతో వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం 2015 వేసవిలో ముందుకొచ్చింది. అందులో ఎక్కువమంది విద్యార్థులే. మన దేశం నుంచి పీహెచ్‌డీకి వెళ్లిన సిద్ధార్థ రాయ్ ఆ విద్యార్థి బృందానికి ముందు నడిచినవారిలో ఒకరు.

వాళ్లు ఊరికి సుమారు 300 కిట్లు పంపారు. ప్రతి కిట్టులో మూడు సీసాలు. కనీసం ఆరు గంటలు కుళాయి వాడకుండా ఉంచి మొదటి లీటరు ఒక సీసాలో, 45 సెకన్లు వదిలాక రెండోది, రెండు నిమిషాలయ్యాక మూడోది. సీసం ఇంటి కుళాయి నుంచి వస్తోందా, వీధి నుంచి ఇంటికి వచ్చే పైపు నుంచా అన్నది ఈ మూడింటి తేడా నుంచి తెలుస్తుంది. నీళ్లు పట్టింది ఇళ్లలోవాళ్లే. 250కి పైగా కిట్లు తిరిగి వచ్చాయి. పదిలో ఒక ఇంట్లో సీసం 25 పీపీబీ దాటింది. అమెరికాలో అప్పట్లో చర్య తీసుకోవలసిన స్థాయి 15. పిల్లల వైద్యురాలు మోనా హన్నా అటీషా బయటపెట్టిన రక్తపరీక్షల లెక్కలు దీనికి తోడయ్యాయి. 2015 అక్టోబరులో ఫ్లింట్ మళ్లీ డెట్రాయిట్ నీటికి మారింది. ఆ గెలుపుకు ఆధారం కొత్త యంత్రమేదీ కాదు. ప్రతి ఇంట్లో ఒకే పద్ధతిలో పట్టిన నీళ్లు, ఊరివాళ్ల నమ్మకం. ఒక్క సీసా తప్పుగా పట్టారని తేలినా అధికారులు మొత్తం లెక్కను కొట్టిపారేసేవాళ్లు.

వాడిన నీటి వైపు తిరిగితే హైదరాబాదుకు ప్రపంచ పరిశోధనలో ప్రత్యేకమైన స్థానం ఉంది. ఆ గుర్తింపు గర్వంగా చెప్పుకునేది మాత్రం కాదు. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించింది. ఆ మందు వేసుకునే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం అప్పట్లో ఆ కేంద్రానికి చేరేది. మందులకు లొంగని బ్యాక్టీరియా మీద ప్రపంచమంతా ఎన్నో పరిశోధనలకు ఆ ఒక్క వ్యాసం దారి వేసింది. ఆ నీటికి కొద్ది దూరంలోనే అంతర్జాతీయ స్థాయి పరిశోధన సంస్థలున్నాయి, ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. అయినా ఆ మొదటి అంకె దూరదేశం నుంచి వచ్చింది. మనవాళ్లకు తెలివి లేక కాదు. పక్కనే పారుతున్న దాన్ని ప్రశ్నగా చూసే అలవాటు మన చదువుల్లో లేకపోవడమే ఇందుకు కారణం.

పదమూడేళ్ల తర్వాత అదే నగరం నుంచి వేరే రకం వార్త వచ్చింది. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, కరోనా వైరస్ జన్యుపదార్థం ఆధారంగా నగరంలో 35 రోజుల వ్యవధిలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఆసుపత్రి లెక్కకు అందని రోగాన్ని మురుగుకాలువ చెప్పింది. సూక్ష్మజీవశాస్త్రం చదివే విద్యార్థికి ఇక్కడ దొరికే ప్రశ్నలకు కొదవ లేదు. కలరా, టైఫాయిడ్, మందులకు లొంగని జన్యువులు, అన్నీ ఆ నీటిలోనే ఉన్నాయి. హాస్టల్ మురుగు చాలు మొదలుపెట్టడానికి, తగిన రక్షణ, అనుమతి ఉంటే.

ఇక మూసీ. అంబర్‌పేట, నాగోలు దాటాక నది నల్లగా, నురగతో సాగుతుంది. దాన్నే తూముల ద్వారా మళ్లించి పశుగ్రాసం, వరి పండిస్తారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌లో జెరోన్ ఎన్సింక్ తన డాక్టరేటు కోసం ఈ రైతుల్లో కొంకిపురుగుల సమస్యను చదివారు. నగరం నుంచి దిగువకు సుమారు 40 కిలోమీటర్లు వెళ్లేసరికి నది నీరు గణనీయంగా మెరుగుపడుతోందని ఆయన, సహచరులు గమనించారు. కారణం మన పాత కత్వలు, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు. వాటి వెనక నీరు నిలిచి, మడ్డి అడుగుకు దిగి, పురుగుల గుడ్లు కూడా అడుగున పడిపోతాయి. సాగు కోసం కట్టిన కట్టడాలు తెలియకుండానే శుద్ధి చెరువుల పని చేస్తున్నాయి. 2010లో అచ్చైన ఈ ఫలితం తర్వాత నగరం ఎంతో పెరిగింది. ఆ కత్వల వెనక ఇప్పుడు ఏముంది, ఆ మడ్డిలో ఏ లోహాలు పేరుకున్నాయి అన్నది ఒక ఎంటెక్ విద్యార్థికి నిండైన పని.

వరదల సంగతి వేరు. అక్కడ సమాచారం బాగానే ఉంది, కలిపి చదివేవాళ్లే తక్కువ. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. తెలంగాణ ప్రణాళికా సొసైటీ స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు వానను మండలాల వారీగా నమోదు చేస్తున్నాయి. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ భువన్ పటాలు, కేంద్రం నడిపే ఇండియా–డబ్ల్యూఆర్‌ఐఎస్ గణాంకాలు కంప్యూటరు ముందు కూర్చుంటే దొరుకుతాయి. దొరకనిది ఒకటే, ఏ వీధిలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందన్నది. కంప్యూటరులో కట్టిన వరద నమూనా నిజమో కాదో తేల్చేది గోడ మీది ఆ మరకే. వరద తగ్గిన వారంలోపు టేపు, ఫోను పట్టుకుని వీధి వీధీ తిరిగి ఆ ఎత్తులు నమోదు చేస్తే ఆ లెక్కకు విలువ కట్టలేం. రెండు వారాలు ఆలస్యమైతే సున్నం వేసేస్తారు. గొలుసుకట్టు చెరువుల అలుగులు ఎటు పారేవో, ఇప్పుడు ఏ కాలనీ కింద మూసుకుపోయాయో చెప్పగల పెద్దలు కూడా ఇంకా ఉన్నారు. వాళ్ల మాటను పాత రెవెన్యూ పటంతో సరిపోల్చడం చరిత్ర విద్యార్థి చేయగల నీటి శాస్త్రమే. ట్యాంకరు కోసం బస్తీలో ఎవరు ఎంతసేపు ఎదురుచూస్తున్నారో, బిందెకు ఎంత పడుతోందో లెక్కతీయడం కూడా అంతే.

మరి తలుపులు ఎక్కడున్నాయి? దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్ కింద విద్యార్థులు, అధ్యాపకులు రెండు నెలలు పెద్ద పరిశోధకుల దగ్గర పనిచేయవచ్చు. దరఖాస్తుల గడువు వేసవికి చాలా ముందే ముగుస్తుంది, అందుకే చిన్న కాలేజీల పిల్లలు ఎక్కువగా జారవిడుచుకుంటారు. భూగర్భజలాలకు ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, నదీముఖ పట్టణాలకు కాకినాడలోని జాతీయ జలవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, చదువుకు జేఎన్‌టీయూ హైదరాబాదు జలవనరుల కేంద్రం, వరంగల్ ఎన్ఐటీ, ఐఐటీ హైదరాబాదు ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో విద్యార్థులు, అధ్యాపకులు పాత నీటి మీటరు మీద చిన్న కెమెరా అమర్చి అంకెలను చదివించే పరికరాన్ని తయారుచేసి క్యాంపస్‌లో వాడి చూశారు. కంప్యూటరు విద్యార్థులకు అది మంచి దారి. విదేశాలకు వెళ్లదలిచిన డిగ్రీ విద్యార్థులకు కెనడా మైటాక్స్ గ్లోబలింక్, జర్మనీ డాడ్ వారి వైజ్ ఇంటర్న్‌షిప్‌లు తెరిచి ఉన్నాయి. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధన స్థానాలు మాత్రం ఆ దేశ పౌరులకూ, శాశ్వత నివాసులకే. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన పట్టణ నీటి పరిశోధన నెట్‌వర్క్ 2015లో ఆ ఫౌండేషన్ నిధులతో మొదలై, డిగ్రీ విద్యార్థులను అనేక నగరాల్లో పరిశోధనలో చేర్చింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇలాంటి అవకాశాలు అందుబాటులో ఉన్నా, మెడిసిన్, కంప్యూటర్ల వెలుపల చూసేవాళ్లు తక్కువ.

అసలు లోటు తలుపుల దగ్గర లేదు. మన బీటెక్ ప్రాజెక్టు చివరి సెమిస్టరులో మొదలై అక్కడే ముగుస్తుంది. నలుగురు విద్యార్థులు ఒక చెరువుకు వెళ్లి, నాలుగు సీసాలు నింపి, పీహెచ్, టీడీఎస్, బీవోడీ కొలిచి, పట్టికలు వేసి, బైండు చేసి సమర్పిస్తారు. మరుసటి ఏడు మరో నలుగురు మరో చెరువుకు వెళతారు. పదేళ్లలో పది చెరువుల పదిరోజుల లెక్కలు పోగవుతాయి, ఒక్క చెరువు కథ కూడా తెలియదు. నమూనా ఏ గంటలో తీశారు, అంతకుముందు వాన పడిందా, సీసాను ఐసులో పెట్టారా, ఎన్ని గంటల్లో ప్రయోగశాలకు చేర్చారు, ఇవేవీ రాసి ఉండవు కాబట్టి ఆ అంకెలను ఇంకొకరు వాడుకోలేరు. అవి బీరువాలో ఉండిపోతాయి.

అమెరికాలోని బాల్టిమోర్‌లో దీనికి నేరుగా వ్యతిరేకమైన పని జరిగింది. 1997లో మొదలైన అక్కడి పట్టణ పర్యావరణ అధ్యయనంలో భాగంగా గ్విన్స్ ఫాల్స్ వాగు మీద నిర్ణీత స్థలాల్లో వారానికోసారి నీళ్లు పట్టారు. వాన అయినా, ఎండ అయినా, ఏళ్ల తరబడి. విద్యార్థులు వచ్చారు, పట్టా పుచ్చుకుని వెళ్లారు, స్థలాలు మారలేదు. మురుగు పైపులు బాగుచేస్తే నత్రజని తగ్గిందా, కరువు ఏడు ఏం జరిగింది వంటి ప్రశ్నలకు ఆ వరుస లేకుండా సమాధానం దొరికేది కాదు. ఇందుకు కావలసింది పెద్ద బడ్జెట్టు కాదు. ఒక అధ్యాపకుడి పట్టుదల, ఒక రిజిస్టరు, ముందు బ్యాచి తర్వాతి బ్యాచిని వెంట తీసుకెళ్లి చోటు చూపించే ఒక్క రోజు. దానితోపాటు ఒక నియమం కూడా అవసరం. ఇంటి నీటి ఫలితం ముందు ఆ ఇంటివాళ్లకు తెలియాలి, తర్వాతే ఇంకెవరికైనా. ఆ మర్యాద పాటించని చోట రెండో ఏడు ఎవరూ తలుపు తియ్యరు.

హైదరాబాదులో ఇప్పుడు అలాంటి వరుస మొదలుపెట్టడానికి బలమైన కారణం ఉంది. 2021లో జలమండలి 31 కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలు తలపెట్టింది, మొత్తం సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. కొన్ని పనిచేయడం మొదలుపెట్టాయి, మిగతావి వంతులవారీగా రావలసి ఉంది. అంత డబ్బు, అంత శ్రమ పోశాక మూసీ మారిందా లేదా అన్నది నది దగ్గరే తేలాలి, రైతుల వైపు నుంచి తేలాలి. ఉప్పల్, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎన్నో ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీలున్నాయి. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి, ఇంకా దిగువన ఒక కత్వ, ఈ నాలుగు చోట్ల వారానికోసారి ఒకే గంటలో నీళ్లు పట్టడం ఒక కాలేజీకి భారమేమీ కాదు. కరిగిన ఆక్సిజన్, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత అక్కడికక్కడే కొలవవచ్చు. బీవోడీకి మన దేశ పద్ధతిలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడుతుంది కాబట్టి సోమవారం ఉదయం తెచ్చిన నీటి ఫలితం గురువారం చేతికొస్తుంది. శుక్రవారం ల్యాబ్ పీరియడ్‌లో దాన్ని రిజిస్టరుకెక్కించి, కింద ఎవరు పట్టారో, వాన పడిందో లేదో రాసి సంతకం పెడితే ఆ వారం పని అయిపోయినట్టే.